కంప్యూటర్ మొరాయిస్తే: తిరుపతిలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ఉన్నవన్నీ మా కంప్యూటర్ రిపేరు షాపుకు వచ్చేవాళ్లు, ఫోన్ చేసేవాళ్లు అడిగేవే. చాలావాటికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఒక మాట ముందే చెప్పేస్తాం. కంప్యూటర్‌కు ఏ జబ్బు చేసినా “ఫార్మాట్ కొట్టేయన్నా, అదే సర్దుకుంటుంది” అనే అలవాటు మన ఊళ్లో బాగా ఉంది. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచేయడం, మాకు అది నచ్చదు. ముందు కరెంటు చూడాలి, తర్వాత మీ ఫైళ్లు ఎక్కడున్నాయో చూడాలి. ఫార్మాట్ సంగతి ఆఖర్న.

“బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మదర్‌బోర్డు పోయినట్టేనా?”

అప్పుడే అంత దూరం పోవద్దు. గోడ దగ్గర మొదలుపెట్టండి. అదే ప్లగ్గులో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. తర్వాత స్పైక్ బస్టర్. దాని లైటు వెలుగుతున్నా లోపలి రేకులు వదులై కరెంటు అందకపోవచ్చు, పక్క సాకెట్‌లోకి మార్చండి. క్యాబినెట్ వెనక పవర్ కేబుల్ దిగే చోట చిన్న నల్ల స్విచ్ ఉంటుంది. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది ఆఫ్ అయిపోవడం మేం తరచూ చూసేదే.

లాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి, పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకుని వదలండి. మళ్లీ చార్జర్ పెట్టి ఆన్ చేయండి. బోర్డు మీద మిగిలిన చార్జ్ పోయి చాలా లాప్‌టాప్‌లు లేచి కూర్చుంటాయి. ఇవన్నీ అయ్యాకా లేవకపోతే డెస్క్‌టాప్‌లో ఎస్ఎంపీఎస్‌ను (గోడ కరెంటును కంప్యూటర్‌కు పనికొచ్చేలా మార్చే పెట్టె) అనుమానించాలి. మదర్‌బోర్డు వంతు దాని తర్వాతే.

“ఫ్యాన్ తిరగతా ఉంది, లైటు వెలగతా ఉంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది.”

మానిటర్ ‘నో సిగ్నల్’ అంటోందంటే మానిటర్ బాగున్నట్టే. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే డిస్‌ప్లే కేబుల్‌ను ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకు ఉన్న పోర్టులో కాదు. ఇల్లు మారిన రోజు చాలామంది దగ్గర జరిగేది ఇదే.

అది సరిగ్గానే ఉంటే ర్యామ్ (పని జరిగేటప్పుడు సమాచారం తాత్కాలికంగా ఉండే మెమరీ పట్టీ) చూడండి. కరెంటు కేబుల్ పూర్తిగా పీకేసి, ర్యామ్‌ను బయటికి తీసి, బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఆ పొడి తుడిచేసి, టక్కుమని శబ్దం వచ్చేదాకా మళ్లీ నొక్కండి. రెండు ర్యాములుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. బీప్‌లు వస్తుంటే ఎన్ని వస్తున్నాయో, పొడవా పొట్టివా రాసుకుని మాకు చెప్పండి. కంపెనీని బట్టి వాటి అర్థం మారుతుంది.

“క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. మామూలేనా?”

చాలా ఇళ్లల్లో జరుగుతుంది కానీ మామూలుగా తీసుకోకూడదు. కరెంటులోని రొదను వడకట్టడానికి ఎస్ఎంపీఎస్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ రేకుకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి నుంచి వచ్చే కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే ఆ రేకు మీద సగం వోల్టేజి, అంటే 230లో దాదాపు 115 వోల్టులు నిలిచిపోతాయి. పారే కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. కానీ ఆ ఇంట్లో గీజరో గ్రైండరో లీకైన రోజు ఇదే లోపం ప్రాణం మీదికి తెస్తుంది. కంప్యూటర్ మీకు ముందుగా కబురు చెబుతోందనుకోండి.

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లాంటి చోట్ల ఉన్న పాత ఇళ్లల్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా పై రంధ్రం అలంకారానికే, వెనక తీగ ఉండదు. కొత్త ఇళ్లల్లో తీగ ఉంటుంది, ఎర్త్ గుంత ఉంటుంది, కానీ ఏప్రిల్, మే నెలల్లో మన నేల ఎండి బీటలు వారుతుంది. తడి లేని మట్టి కరెంటును తీసుకోదు. గుంతలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయాలని కట్టినవాళ్లు చెప్పరు, ఉండేవాళ్లకు తెలియదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండోది ఒకటి రెండు వోల్టులు దాటకుండా ఉంటే మంచిది.

కొందరు పనివాళ్లు సులువుగా ఉంటుందని సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. మీటరులో చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది. ఎప్పుడైనా ఆ న్యూట్రల్ తెగిందంటే క్యాబినెట్ రేకు మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. ఒప్పుకోకండి.

“ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, మళ్లీ యూపీఎస్ ఎందుకు?”

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ అందుకోవడానికి కాస్త సమయం తీసుకుంటుంది. ఫ్యానుకు, లైటుకు అది తెలియదు, డెస్క్‌టాప్ మాత్రం ఆరిపోతుంది. చాలా ఇన్వర్టర్ల వెనక ‘యూపీఎస్ మోడ్’ అనే స్విచ్ ఉంటుంది. దాన్ని ఆ వైపు తిప్పి చూడండి, కొందరికి అంతటితో బాధ తీరుతుంది. కొత్తగా ఇన్వర్టర్ కొనేవాళ్లు సైన్ వేవ్ రకమే తీసుకోవాలి. స్క్వేర్ వేవ్ చవకే, కానీ ఎస్ఎంపీఎస్‌లకు, మోటార్లకు మంచిది కాదు.

చిన్న 600 వీఏ యూపీఎస్ మీద పావుగంటో ఇరవై నిమిషాలో పని జరుగుతుంది. అది ఫైలు సేవ్ చేసి మర్యాదగా షట్‌డౌన్ చేయడానికే గానీ సినిమా పూర్తి చేయడానికి కాదు. దాని లోపలి 12 వోల్టుల బ్యాటరీ మన ఎండలకు రెండు మూడేళ్లలో నీరసిస్తుంది. అప్పుడు బ్యాటరీ మారిస్తే చాలు, యూపీఎస్‌ను పాత సామాన్ల బండికి వేయకండి. లేజర్ ప్రింటర్‌ను మాత్రం యూపీఎస్‌కు పెట్టవద్దు. కాగితం మీద పొడిని కరిగించే హీటర్ ఆన్ అయిన క్షణంలో లాగే కరెంటుకు యూపీఎస్ కుయ్యిమంటుంది.

“ఉరుములు మెరుపుల రోజు ఏం చేయాలి?”

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానల్లో మాకు ఎక్కువగా వచ్చేవి కాలిపోయిన ల్యాన్ పోర్టులు, అంటే ఇంటర్నెట్ వైరు పెట్టే చోట్లు. అందరూ కరెంటు ప్లగ్గు తీస్తారు, మేడ మీద నుంచి వేలాడుతూ వచ్చే ల్యాన్ వైరును మరిచిపోతారు. మెరుపు దెబ్బ ఆ దారిన కూడా వస్తుంది. ఇంకోటి, క్యాబినెట్‌ను నేల మీద పెట్టవద్దు. 2021 నవంబరులో ఊళ్లో నీళ్లు పారిన రోజులు చూసినవాళ్లకు ఇది విడిగా చెప్పనవసరం లేదు.

“ఎండాకాలంలో దానంతట అదే ఆఫ్ అయిపోతా ఉంది.”

వేడి. ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపుల్లోకి వస్తే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. బయట 42 డిగ్రీలున్న మధ్యాహ్నం, కిటికీ పక్కన, దుమ్ము పేరుకున్న ఫ్యానుతో అక్కడిదాకా పోవడం పెద్ద పని కాదు. మూత తీసి మెత్తని బ్రష్షుతో, బ్లోయర్‌తో దుమ్ము తీయండి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోవాలి, లేకుంటే అది విపరీతంగా తిరిగి బేరింగు పోతుంది. మూడు నాలుగేళ్లు దాటిన యంత్రానికి ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (దాని వేడిని బయటికి లాగే పూత) ఎండిపోయి ఉంటుంది, కొత్తది రాయించండి.

లాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి వాడేవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేదు, అయినా చెబుతున్నాం. గాలి పీల్చే రంధ్రాలు అడుగునే ఉంటాయి. పరీక్షల అట్ట ఒకటి కింద పెట్టినా చాలు. నీళ్లు పోసే ఎయిర్ కూలర్‌ను నేరుగా కంప్యూటర్ వైపు తిప్పే వాళ్లున్నారు. చల్లగాలితో పాటు తేమ, ఉప్పు కూడా బోర్డు మీదికి పోతాయి. అలాంటి బోర్డు మీద పచ్చగా తుప్పు పట్టి వచ్చినప్పుడు మేం చేయగలిగేది తక్కువ.

“చాలా స్లో అయిపోయింది. ఫార్మాట్ చేస్తే పోతుందా?”

కొన్ని వారాలు పోతుంది, తర్వాత మళ్లీ వస్తుంది. కారణం సాఫ్ట్‌వేర్ కానప్పుడు ఫార్మాట్ ఎలా నయం చేస్తుంది? కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో ‘డిస్క్’ అని ఉన్న చోట ఏ పనీ చేయకుండానే 100 శాతం కనిపిస్తుంటే మీది పాత తిరిగే హార్డ్ డిస్క్ అయి ఉంటుంది. నిమిషానికి 5400 చుట్లు తిరిగే పళ్లెం మీద చిన్న ముల్లు అటూ ఇటూ పరిగెత్తి ఒక్కో ఫైలు వెతకాలి. విండోస్ మొదలయ్యేటప్పుడు అలాంటి చిన్న ఫైళ్లు వేలల్లో కావాలి. చిప్పుల్లో ఫైళ్లు దాచే కొత్త రకం డిస్కు ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేది ఏదీ లేదు కాబట్టి ఆ వెతుకులాటే ఉండదు. నాలుగైదు నిమిషాలకు తెరుచుకునే లాప్‌టాప్ అర నిమిషంలోపే తెరుచుకుంటుంది. పాత యంత్రం మీద పెట్టే డబ్బులో దీనంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదని మా అభిప్రాయం.

‘మెమరీ’ దగ్గర 90 శాతం కనిపిస్తుంటే ర్యామ్ చాలడం లేదు. ఈరోజుల్లో బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిచేవాళ్లకు 8 జీబీ కనీసం ఉండాలి. కొనేముందు అడగండి: కొన్ని సన్నని లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకునే దారి ఉండదు. రెండు యాంటీవైరస్‌లు వేసుకున్నవాళ్లు ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చేదే ఇంటి వాడకానికి సరిపోతుంది.

“హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ అని శబ్దం వస్తోంది.”

వెంటనే ఆపేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు. ముల్లు పళ్లేన్ని గీస్తూ ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ మీ ఫోటోలు కొన్ని పోతాయి. ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాలు వీడియోల్లో చూసి రావద్దు. ఫైళ్లు కావాలంటే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపాలి. పళ్లేలు తెరవాల్సి వస్తే దుమ్ము లేని గది కావాలి, ఆ ఖర్చు కొత్త లాప్‌టాప్ ఖర్చును దాటిపోవచ్చు.

పెన్‌డ్రైవో మెమరీ కార్డో పెట్టగానే ‘ఫార్మాట్ చేయాలా?’ అని విండోస్ అడిగితే ‘కాదు’ అనండి. ముందు ఫైళ్లు బయటికి తీసుకోవాలి, ఫార్మాట్ ఎప్పుడైనా చేయవచ్చు. ఎస్ఎస్‌డీల సంగతి ఇంకా మొండిది. చెప్పాపెట్టకుండా ఒక ఉదయం ఆగిపోతాయి, డిలీట్ చేసిన ఫైళ్లను చాలావరకు తామే లోపల తుడిచేస్తాయి. పెళ్లి ఆల్బమ్, పొలం కాగితాల స్కాన్, పిల్లల సర్టిఫికెట్లు ఒకే చోట ఉంటే అవి లేనట్టే లెక్క. ఒక బయటి డిస్కులో ఒకటి, ఆన్‌లైన్‌లో ఒకటి పెట్టుకోండి.

“నీలం తెర వచ్చి 48 అంకెలు అడుగుతోంది. వైరస్సా?”

కాదు, బిట్‌లాకర్. డిస్కులోని సమాచారాన్ని తాళం వేసి ఉంచే ఏర్పాటు. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఖాతాతో లాగిన్ అయితే చాలావాటిలో మీకు ప్రత్యేకంగా చెప్పకుండానే ఇది మొదలైపోతుంది. బయాస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా, ఒక్కోసారి మామూలు అప్‌డేట్ తర్వాతా తాళంచెవి అడుగుతుంది. ఆ తాళంచెవి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే ఉంటుంది. ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ అయి చూడండి.

చిక్కంతా ఆ ఖాతా ఎవరిదన్నదే. కొన్నరోజు షాపులో కుర్రవాడు తన ఈమెయిల్‌తో తెరిచిచ్చాడో, కాలేజీకి పోయిన అమ్మాయి పాత ఫోన్ నంబరుతో తెరిచిందో గుర్తు ఉండదు. తాళంచెవి లేకపోతే మేమే కాదు, ఎవరూ తెరవలేరు. ఫైళ్లను వదులుకుని కొత్తగా విండోస్ వేయడం తప్ప దారి లేదు. ఇది చదువుతున్నప్పుడే ఒకసారి ఖాతాలోకి వెళ్లి ఆ 48 అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

“విండోస్ 10 ఆగిపోయిందంట గదా, కంప్యూటర్ పారేయాలా?”

2025 అక్టోబరు 14తో దాని మామూలు అప్‌డేట్లు ఆగాయి. కంప్యూటర్ మాత్రం ఆగదు. ఇళ్లల్లో వాడేవాళ్లకు 2026 అక్టోబరు దాకా అదనపు భద్రతా అప్‌డేట్ల ఏర్పాటు పెట్టారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఒప్పుకుంటుంది. ‘మీ కంప్యూటర్ పనికిరాదు’ అని వచ్చిన వాటిలో కొన్నింట్లో టీపీఎం ఉండీ బయాస్‌లో ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేస్తే సరి. అంతకంటే పాతవాటికి విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత వ్యవస్థ వేసి ఇస్తున్నాం. బ్రౌజర్, ఉత్తరాలు, సినిమాలు చూసుకునేవాళ్లకు బాగానే సరిపోతుంది. లెక్కలకు టాలీ సాఫ్ట్‌వేర్ వాడే అంగళ్లవాళ్లకు మాత్రం మేం చెప్పం.

నిక్షేపంగా పనిచేసే యంత్రాన్ని ఒక తేదీ చూపించి పాతదనడం మాకూ కోపమే. కానీ బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా నడపడం ఆ కోపానికి విరుగుడు కాదు.

“దర్శనం టికెట్లు విడుదలైనప్పుడు మాకు దొరకడం లేదు. కొత్త కంప్యూటర్ కొంటే దొరుకుతాయా?”

దొరకవు. నవ్వులాటకు అడిగేది కాదు, నిజంగానే అడుగుతారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ల కోసం ఒకే నిమిషంలో దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, క్యూ అక్కడ సర్వర్‌లో ఉంటుంది. మీ ప్రాసెసర్ ఎంత వేగమైనా ఆ వరసను దాటలేదు. మీ చేతిలో ఉన్నది నెట్ తెగిపోకుండా చూసుకోవడం. వైఫై 2.4 గిగాహెర్ట్‌జ్‌లో గోడలు దాటి దూరం పోతుంది కానీ అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రౌటర్లతో తొక్కిసలాట. 5 గిగాహెర్ట్‌జ్ వేగం, కానీ గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. రౌటర్ ఉన్న గదిలోనే కూర్చోండి, వీలైతే ల్యాన్ వైరు పెట్టుకోండి. మాటిమాటికీ రిఫ్రెష్ నొక్కితే ఉన్న వరస కూడా పోవచ్చు.

“ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘సురక్షితం కాదు’ అంటోంది.”

కింద మూల తేదీ చూడండి. అది తప్పుగా ఉంటే సైట్ల భద్రతా సర్టిఫికెట్ల గడువు కుదరక అలా అంటుంది. సరిచేసినా మళ్లీ తప్పుతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బటన్ సెల్ అయిపోయి ఉంటుంది. వాచీల అంగడిలో కూడా దొరుకుతుంది.

“తెలుగులో చేసిన ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి.”

డీటీపీ సెంటర్లలో పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే పాత ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతివి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టినవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అసలు ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. చూడటానికే అయితే పీడీఎఫ్‌గా ఇమ్మని అడగండి. మళ్లీ మార్చాల్సిన ఫైలైతే యూనికోడ్‌లో టైపు చేయించుకోండి. విండోస్‌లో గౌతమి లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్ ఎక్స్‌పీ కాలం నుంచే ఉంది.

“ప్రింటర్ ఇంట్లోనే ఉంది, ‘ఆఫ్‌లైన్’ అంటోంది.”

ఈ వృత్తిలో మాకు అన్నిటికంటే విసుగు తెప్పించేది ప్రింటరే. వైఫై ప్రింటర్‌కు రౌటర్ ఇచ్చిన చిరునామా మారిపోతే కంప్యూటర్ పాత చిరునామాలో వెతుకుతుంది. ప్రింటర్‌ను తీసేసి మళ్లీ కలపండి. పదేపదే అవుతుంటే రౌటర్‌లో దానికి స్థిరమైన చిరునామా ఇప్పించండి, లేదా యూఎస్‌బీ కేబుల్ పెట్టుకుని ప్రశాంతంగా ఉండండి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్ వాడకుండా వదిలేస్తే సన్నని రంధ్రాల్లో ఇంకు గడ్డకడుతుంది. వారానికి ఒక రంగుల పేజీ తీయండి. నెలకు నాలుగు కాగితాలు తీసేవాళ్లకైతే లేజరే నయం.

“బల్లి దూరింది. ఆయుధపూజ రోజు పసుపు నీళ్లు పడ్డాయి. ఏం చేయాలి?”

ఎస్ఎంపీఎస్‌లో బల్లి పడితే బల్లీ పోతుంది, ఎస్ఎంపీఎస్సూ పోతుంది. వెనక వాడని కార్డు పట్టీలు ఊడదీసి ఉంటే అక్కడి నుంచే దూరుతాయి, మూత పెట్టించండి. కీబోర్డు దగ్గర బిస్కెట్లు తింటే చీమలు, చీమల కోసం బల్లులు.

పూజ విషయంలో మేమూ మీలాంటివాళ్లమే, మా టెస్టింగ్ బల్ల మీదా బొట్లుంటాయి. బొట్టు క్యాబినెట్ ముందు రేకు మీద పెట్టండి, గాలి రంధ్రాల మీద కాదు. కుంకుమ పొడి లోపలికి పోయి తేమతో కలిస్తే పేస్టులా అతుక్కుంటుంది. నీళ్లు చల్లేది గుమ్మానికే ఉంచి, హారతి కాస్త దూరం నుంచి ఇవ్వండి. ఆన్‌లో ఉన్నదాని మీద నీళ్లో టీయో పడితే వెంటనే ప్లగ్గు పీకి, లాప్‌టాప్ అయితే బోర్లా తిప్పి, అలాగే తీసుకురండి. బియ్యంలో పెట్టవద్దు, నూక లోపల ఇరుక్కుంటుంది. ‘ఆరిందేమో చూద్దాం’ అని ఆన్ చేయడం వల్లే బోర్డులు కాలేది.

“తెర నిండా ఎర్రగా వచ్చి, ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటోంది.”

చేయవద్దు. అది బ్రౌజర్‌లో వచ్చిన ఒక పేజీ మాత్రమే. మూసుకోకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ను ఆపేయండి. ఏ కంపెనీ కూడా తెర మీద నంబరు వేసి పిలవమనదు. ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని డబ్బు పోగొట్టుకుని ఉంటే ముందు నెట్ ఆపి, 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ. మా దగ్గరికి రావడం ఆ తర్వాత.

“రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?”

ముఖ్యమైన ఫైళ్లు ఎక్కడున్నాయో ముందే చెప్పండి, ‘ఫార్మాట్ చేయవద్దు’ అని రసీదు మీద రాయించండి. ఇది మాకైనా, ఇంకెవరికైనా. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. వారంటీ ఉంటే మూత తెరవకముందే కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లండి. అక్కడ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బ్యాటరీ ఉబ్బి లాప్‌టాప్ అడుగు పైకి లేచి ఉంటే చార్జ్ పెట్టకుండా, నొక్కకుండా, గుచ్చకుండా తీసుకురండి.

వచ్చేటప్పుడు చార్జర్ తెచ్చుకోండి. పీలేరు నుంచి, పుత్తూరు నుంచి బస్సెక్కి లాప్‌టాప్ ఒక్కటే పట్టుకొస్తారు, తీరా చూస్తే పోయింది చార్జరే అయి ఉంటుంది.